పాతబస్తీ కంచం, మన చేను: షుగర్, బీపీ ఆగాలంటే సలహా ఒక్కటే చాలదు



పొద్దుగూకితే చాలు, హైదరాబాద్‌లో ఏ రోడ్డు పట్టుకుని పోయినా జొన్నరొట్టెల బండ్లు కనబడుతున్నాయి. పొయ్యి మీద పెనం, పక్కన తడిపిన పిండి ముద్ద, టపటపా రొట్టెలు తట్టే అక్కలు. కొనేవాళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటే: "డాక్టర్ రాత్రి అన్నం మానెయ్యమన్నడు." ఒకప్పుడు బీదవాళ్ల తిండి అని పక్కన పెట్టిన జొన్న, ఇప్పుడు మందుల చీటీ వెంట పట్నానికి తిరిగి వచ్చింది.

ఈ మార్పు వెనక మన రైతులకు సంబంధించిన పెద్ద విషయం ఒకటి ఉంది. షుగర్, బీపీ, గుండెజబ్బుల్లాంటి దీర్ఘరోగాలు రాకుండా ఆపడానికి సర్కారు చాలా పథకాలు పెట్టింది. పరీక్షలు చేస్తోంది, సలహాలు ఇస్తోంది, నడవమంటోంది. కానీ ఆ సలహాలో చెప్పిన తిండిని పండించేది ఎవరు? కొనేది ఎవరు? బీదవాళ్ల గల్లీ దాకా చేర్చేది ఎవరు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేనంత వరకు సలహా కాగితం మీదే ఉంటుంది. వీడియోకు తోడుగా రాస్తున్న ఈ వ్యాసంలో చార్మినార్ చుట్టుపక్కల పాతబస్తీని ముందు పెట్టుకుని ఈ లెక్క చూద్దాం.

రోగం ఎంత పెద్దది?

ఐసీఎంఆర్ దేశవ్యాప్తంగా చేయించిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉందని, మరో 13 కోట్ల 60 లక్షల మంది షుగర్ అంచున ఉన్నారని అందులో తేలింది. పెద్దవాళ్లలో నూటికి 35 మందికి బీపీ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, తెలంగాణలో నూటికి 30 మంది ఆడవాళ్లు, 32 మంది మగవాళ్లు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు.

ఇవి తిండితో, మెలగడంతో ముడిపడిన రోగాలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్ఐఎన్, 2024 మే నెలలో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. దేశంలో మొత్తం రోగభారంలో 56.4 శాతం సరిగాలేని తిండి వల్లేనని అందులో రాసింది. ఈ సంస్థ 1918లో తమిళనాడులోని కూనూర్‌లో బెరిబెరి రోగం మీద పరిశోధనకు మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. బెరిబెరి ఎందుకు వస్తుందో గుర్తుంది కదా? బాగా పాలిష్ పట్టిన బియ్యమే ప్రధాన తిండి అయి, తవుడులోని బి1 విటమిన్ ఒంటికి అందకపోతే వస్తుంది. అప్పుడు పాలిష్ బియ్యం వల్ల విటమిన్ లోపం. ఇప్పుడు అదే పాలిష్ బియ్యం కంచంలో ఎక్కువై, పప్పూ కూరా తక్కువై షుగర్.

సర్కారు ఏం చేస్తోంది?

చేయడం లేదని అనలేం. 2010లో కేంద్రం షుగర్, గుండెజబ్బు, పక్షవాతం, క్యాన్సర్ నివారణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. 30 ఏళ్లు దాటినవాళ్లందరికీ బీపీ, షుగర్ చూడాలనేది లక్ష్యం. ఆశా కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి, పొగ తాగుతారా, నడుస్తారా, నడుం కొలత ఎంత అని అడిగి ఫారం నింపేది ఇందుకోసమే.

హైదరాబాద్‌లో 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి. డాక్టర్ ఫీజు లేదు, పరీక్షకు డబ్బు లేదు, మందులు ఊరికే ఇస్తారు. పాతబస్తీలో కూలీ పోగొట్టుకుని ఉస్మానియా దవాఖానలో లైను కట్టే పని కొంత తప్పింది. కొన్ని మసీదుల్లో కూడా స్వచ్ఛంద సంస్థలు క్లినిక్‌లు నడుపుతున్నాయి. మతం చూడకుండా ఎవరు వచ్చినా చూస్తారు.

తిండి వైపు చూస్తే, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో 'ఈట్ రైట్ ఇండియా' మొదలుపెట్టింది. నూనెలు, డాల్డాల్లో ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతం దాటొద్దని 2022 జనవరి నుంచి నిబంధన ఉంది. 2019 ఆగస్టు 29న 'ఫిట్ ఇండియా' ఉద్యమం మొదలైంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది, దాన్ని ప్రతిపాదించింది మన దేశమే. 2025లో ప్రధాని మోదీ వంటనూనె 10 శాతం తగ్గించండని జనాన్ని కోరారు. అదే ఏడాది సెప్టెంబరులో కూల్‌డ్రింకుల మీద జీఎస్టీని 40 శాతం చేశారు.

ఇన్ని చేసినా చాలావరకు ఇవి "నువ్వు మారు" అని మనిషికి చెప్పేవే. మారాలనుకున్న మనిషికి చేతికందేది ఏంటి అనే దగ్గరే చిక్కు.

డాక్టర్‌ది ఒక మాట, రేషన్ షాపుది ఒక మాట

ఎన్ఐఎన్ చెప్పిన రోజు కంచం చూద్దాం. సుమారు 2,000 కేలరీల తిండికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, కూరగాయలు ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, పల్లీ నువ్వుల్లాంటి గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు.

ఐదుగురున్న ఇంటికి నెలకు లెక్కేస్తే ధాన్యం 37 కిలోల పైన, పప్పు దగ్గర దగ్గర 13 కిలోలు, కూరగాయలు 60 కిలోలు, పండ్లు 15 కిలోలు, గింజలు 5 కిలోలు, నూనె 4 కిలోలు. పిల్లలుంటే కొంచెం తగ్గుతుంది, అంతే.

ఇప్పుడు రేషన్ షాపు చూడండి. తెలంగాణలో 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. ఐదుగురికి 30 కిలోలు. అంటే ఆ ఇంటికి కావాల్సిన ధాన్యంలో నూటికి 80 పాళ్లు పాలిష్ పట్టిన సన్నబియ్యం రూపంలోనే ఇంటికి వస్తుంది, అదీ ఊరికే. పప్పు 13 కిలోలు, కూర 60 కిలోలు మాత్రం బజారులో కొనుక్కోవాలి. కందిపప్పు ధర మీకు తెలిసిందే.

యాకుత్‌పురాలోనో, తలాబ్‌కట్టలోనో చిన్న గదిలో కూర్చుని రోజంతా జర్దోజీ పనో, లక్కగాజుల పనో చేసే తల్లి ఉందనుకోండి. బస్తీ దవాఖానలో డాక్టరమ్మ "అన్నం తగ్గించు, పప్పూ కూరా పెంచు" అంటుంది. ఆ తల్లికి ఊరికే దొరికేది అన్నం. డబ్బు పెట్టి కొనాల్సింది పప్పు, కూర. ఇంట్లో ఐదుగురికీ కడుపు నిండాలి. ఏది తగ్గుతుంది, ఏది పెరుగుతుంది? ఆమెకు చదువు లేకనో, తెలివి లేకనో కాదు. సర్కారు ఒక చేత్తో సలహా, ఇంకో చేత్తో బియ్యం పెడుతోంది. సలహా కన్నా బియ్యమే బరువు.

రేషన్ బియ్యాన్ని తిట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. 1983లో ఎన్టీ రామారావు కిలో 2 రూపాయల బియ్యం పథకం పెట్టినప్పుడు ఎన్నో ఇళ్లల్లో మొదటిసారి రెండు పూటలా పొయ్యి వెలిగింది. ఆకలి రోజులు చూసినవాళ్లు ఆ పథకాన్ని మరిచిపోరు. కానీ అదే చేత్తో మెట్ట పల్లెల్లో జొన్న గట్క, సజ్జరొట్టె, కొర్రన్నం వెనక్కి పోయాయి. చవకగా బియ్యం దొరుకుతుంటే జొన్న ఎవరు కొంటారు? ఎవరూ కొననిది ఎవరు వేస్తారు? చేలు పత్తికి పోయాయి, బోరు పడ్డ చోట వరికి పోయాయి. తిండి మారడం, చేను మారడం ఒకేసారి జరిగాయి. మళ్లీ మార్చాలన్నా రెండూ కలిసే మారాలి.

జొన్న ఒక్కటే మందు కాదు

ఇక్కడ మనం కొంచెం నిజాయితీగా మాట్లాడుకోవాలి. "చిరుధాన్యాలు తింటే షుగర్ పోతుంది" అని కొన్ని వీడియోల్లో చెప్తున్నారు. అట్లా చెప్పి అమ్మడం తప్పు.

ఇండియాబ్ సర్వే నుంచే 2025లో తిండి గురించి మరో పరిశోధన వచ్చింది. మన దేశంలో కేలరీల్లో సుమారు 62 శాతం పిండి పదార్థాల నుంచే వస్తున్నాయని అది చెప్పింది. ముఖ్యమైన సంగతి ఇంకొకటి. బియ్యం తీసేసి అంతే పరిమాణంలో గోధుమ పిండో, చిరుధాన్యాల పిండో తింటే షుగర్ ముప్పు పెద్దగా తగ్గినట్టు కనబడలేదు. మొత్తం పిండి పదార్థం కొంత తగ్గించి, ఆ చోటులో పప్పుల నుంచో పాల నుంచో మాంసకృత్తులు పెంచితే ముప్పు తగ్గే అవకాశం కనిపించింది.

అంటే నాలుగు జొన్నరొట్టెలు, పక్కన నూనె తేలే కూర చారెడు తింటే ఏం లాభం లేదు. రెండు రొట్టెలు, గిన్నెడు పప్పు, గిన్నెడు ఆకుకూర తింటే లాభం. కొర్ర, సామ, అరికెలను తెల్లగా మెరిసేదాకా పాలిష్ పడితే వాటికీ బియ్యం గతే. జొన్నను పొట్టుతో సహా పిండి పడతాం కాబట్టి ఆ బాధ తక్కువ.

ఇంకో మాట. షుగర్ గోళీలు వాడుతున్నవాళ్లు తిండి మార్చినా, డాక్టర్‌ను అడగకుండా గోళీలు ఆపకూడదు. మన దగ్గర కొనేవాళ్లకు ఇది మనమే చెప్పాలి.

పై మాటలో ప్రకృతి వ్యవసాయం చేసే మనకు ఒక ధైర్యం కూడా ఉంది. మన చేనులో జొన్న సాళ్ల మధ్య కంది, గట్టు మీద అనుములు, బొబ్బర్లు, ఓ మూల గోంగూర, పొలం చుట్టూ ఆముదం, మునగ ఉంటాయి. ఒక్క పంట మీద ఆధారపడొద్దని, నేలను ఎప్పుడూ కప్పి ఉంచాలని మనం నేర్చుకున్న పద్ధతి ఇదే. ఎన్ఐఎన్ చెప్పిన కంచంలో కూడా ధాన్యం, పప్పు, ఆకు, కాయ, గింజ కలిసి ఉన్నాయి. కలగలుపు చేను, కలగలుపు కంచం రెండూ ఒకటే. ఒకే పంట కొనే సర్కారు పద్ధతికి, కలగలుపు తినమనే సర్కారు సలహాకు మధ్య ఉన్న ఖాళీలో నిలబడగలిగింది మన చేనే.

పాతబస్తీ వంట మనకు కొత్త కాదు

పాతబస్తీ అంటే బిర్యానీ, హలీం, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్ అనే పేరు పడిపోయింది. హలీంకు 2010లో జీఐ గుర్తింపు కూడా వచ్చింది. కానీ రోజూ ఇంట్లో వండుకునేది వేరు. అది మన చేలల్లోని పంటే.

వాళ్లు అంబాడా అనేది మన గోంగూర. అంబాడే కీ భాజీ లేని ఇల్లు ఉండదు. చిగుర్ గోష్ట్ అంటే చింతచిగురుతో మాంసం. దాల్చాలో సొరకాయ, శనగపప్పు పడతాయి. ఖట్టీ దాల్ అంటే చింతపండు పులుపుతో కందిపప్పు. బఘారే బైంగన్‌కు లేత వంకాయ, పల్లీ, నువ్వులు కావాలి. పొద్దున ఖిచ్డీలో మసూర్ పప్పు ఉంటుంది. మెంతికూర, చుక్కకూర, బీరకాయ అన్నీ మీరాలం మండీలో, మాదన్నపేట మార్కెట్‌లో రోజూ అమ్ముడుపోయేవే.

చార్మినార్ పక్కనే నిజామియా యునానీ దవాఖాన ఉంది. యునానీ వైద్యంలో తిండితోనే చికిత్స చేసే పద్ధతి ఒకటి. దాన్ని 'ఇలాజ్ బిల్ గిజా' అంటారు. కాబట్టి తిండే మందు అనే మాట ఆ గల్లీలకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కీన్వా, ఓట్స్ తినమని చెప్తే వినేవాళ్లు తక్కువ. "మాంసం కొంచెం తగ్గించి అంబాడా రెండింతలు వేయండి, దాల్చాలో సొరకాయ ముక్కలు పెంచండి, ఖట్టీ దాల్ చిక్కగా చేయండి" అంటే అది వాళ్ల వంటే, వాళ్ల రుచే. సర్కారు ఇచ్చే ఆహార సలహా కాగితాలు ఉర్దూలో, ఈ వంటల పేర్లతో ఉంటే ఎంత బాగుంటుందో ఆలోచించండి.

నడవమంటే ఎక్కడ నడవాలి?

వ్యాయామం సంగతీ ఇట్లాగే ఉంది. పెద్దవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. అంటే వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట. పాతబస్తీ గల్లీల్లో ఆటోలు, బైకులు, తోపుడు బండ్లు, మురికి కాల్వల మధ్య అరగంట నడవడం మాటల్లో ఉన్నంత సులువు కాదు. చార్మినార్ చుట్టూ బండ్లు రాకుండా చేసే పాదచారుల పథకం ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. ఆడవాళ్లకైతే పార్కు ఉన్నా మొహమాటం, సమయం, ఇంటి పని అడ్డం. రాజేంద్రనగర్ వైపు ఓ మసీదులో ఆడవాళ్ల కోసమే జిమ్ పెట్టారు. జాగా, పరువు రెండూ చూస్తే ఆడవాళ్లు వస్తారనడానికి అదొక దారి. బడి మైదానాలను పొద్దున ఒక గంట ఆడవాళ్లకు తెరిచి పెడితే కొత్తగా జాగా కొనే ఖర్చు కూడా లేదు.

కంచాన్నీ చేనునూ కలిపి మార్చిన చోట్లు

ఇది అయ్యే పనేనా అంటారా? అయిన చోట్లు ఉన్నాయి.

ఫిన్లాండ్‌లో నార్త్ కరేలియా అనే ప్రాంతం ఉంది. 1970లలో అక్కడ గుండెపోటుతో చనిపోయే మగవాళ్లు లోకంలోకెల్లా ఎక్కువగా ఉండేవాళ్లు. పాడి ప్రాంతం కాబట్టి వెన్న లేనిదే ముద్ద దిగదు, ఉప్పు ఎక్కువ, పొగాకు ఎక్కువ. 1972లో పెక్కా పుస్కా అనే యువ డాక్టర్ ఆధ్వర్యంలో నివారణ కార్యక్రమం మొదలైంది. మొదట పాడి రైతులకు కోపం వచ్చింది. వెన్న తగ్గించమంటే వాళ్ల బతుకు ఏం కావాలి? అందుకే సలహాతో ఆగలేదు. అక్కడి చలిలో పండే బెర్రీ పండ్ల సాగు వైపు రైతులను మళ్లించారు. వెన్నకు బదులు ఆవజాతి నూనెగింజల సాగు దేశంలో పెరిగింది. 35 ఏళ్లలో అక్కడ పని వయసు మగవాళ్లలో గుండెజబ్బు చావులు 80 శాతానికి పైగా తగ్గాయి. పొగాకు మానడం, బీపీకి వైద్యం కూడా అందులో ఉన్నాయి. అయినా రైతు బతుకును లెక్కలోకి తీసుకున్నారన్నదే మనం పట్టుకోవాల్సిన మాట.

అంత దూరం ఎందుకు, కర్ణాటకలో దక్షిణాన రాగులు, ఉత్తరాన జొన్నలు సర్కారే కొని రేషన్‌లో ఇచ్చింది. ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ పెట్టి, గిరిజన రైతుల రాగులు కొని రేషన్‌లో, అంగన్‌వాడీ లడ్డూల్లో పెట్టింది.

ఇంకా దగ్గరికి రండి. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 1990లలోనే పడావు భూములు సాగులోకి తెచ్చి, జొన్న పండించి, ఊరి గింజల నిధి పెట్టి, ఊళ్లో ఎవరు ఎంత బీదవాళ్లో తామే తేల్చి, వాళ్లకు చవకగా పంచారు. బియ్యం రేషన్‌కు జొన్న రేషన్‌తో జవాబు చెప్పింది చదువురాని దళిత ఆడవాళ్లు. ఆ సంఘాల ఆడవాళ్లే కెమెరా పట్టి వీడియోలు కూడా తీశారు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది.

2013 ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమలతో పాటు ముతక ధాన్యాలు కూడా ఉన్నాయి. కిలో రూపాయికి ఇవ్వాలని రాశారు. అంటే రేషన్‌లో జొన్న ఇవ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు.

మరి మనం జొన్న ఎందుకు వేయడం లేదు?

ధర చూస్తే 2025-26కు మాల్దండి జొన్న మద్దతు ధర క్వింటాలుకు 3,749 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,699. ఏ గ్రేడు వడ్లకు 2,389. కాగితం మీద జొన్నదే పైచేయి. కానీ వడ్లకు మన ఊళ్లోనే కొనుగోలు కేంద్రం, సన్నాలకు 500 రూపాయల బోనస్ ఉన్నాయి. జొన్నకు ఆ భరోసా లేదు. పైగా పిట్టల కాపలా, కోత కూలీ. మద్దతు ధర ప్రకటించడం వేరు, కాంటా పెట్టి కొనడం వేరు. ఈ తేడా రైతుకు చెప్పాల్సిన పని లేదు.

రైతుగా మనం చేయగలిగింది

సర్కారు కదిలేదాకా చేతులు ముడుచుకుని కూర్చోవద్దు. కొన్ని పనులు ఇప్పుడే చేయొచ్చు.

మొదటిది, రొట్టెకు పనికొచ్చే జొన్న వేయండి. వానాకాలం జొన్నకు గింజ గట్టిపడేటప్పుడు వాన తగిలితే బూజు పట్టి నల్లబడుతుంది. మాఘి, యాసంగి జొన్న తెల్లగా మెరుస్తుంది, రొట్టె బాగా సాగుతుంది. నల్లరేగడి ఉన్న వికారాబాద్, తాండూరు, నారాయణఖేడ్, జహీరాబాద్ రైతులకు ఇది అనువైన పంట. చొప్ప పశువులకు మేత. పది మంది ఒకేసారి, ఒకే చోట విత్తుకుంటే పిట్టల దెబ్బ అందరికీ పంచుకుపోతుంది.

రెండోది, జొన్నతో పాటు పప్పు కట్టండి. తాండూరు కందికి 2022లో జీఐ గుర్తింపు వచ్చింది. ఖట్టీ దాల్ వండే నగరానికి తాండూరు కంది ఎంత దూరం? జొన్న, కంది కలిపి కుటుంబానికి నెల సంచీగా ఇస్తే, కంచం లెక్క కూడా సరిపోతుంది.

మూడోది, పిండి తాజాగా పట్టించండి. జొన్నపిండి నిల్వ ఉంటే చేదెక్కుతుంది, రొట్టె విరుగుతుంది. గింజ రాళ్లు లేకుండా చెరిగి, బాగా ఎండబెట్టి, వేపాకు వేసి నిల్వ చేసుకుని, వారానికి కావాల్సినంతే పట్టించి బండ్ల అక్కలకు ఇవ్వండి. ఒకసారి రొట్టె విరగకుండా వస్తే ఆ అక్క మిమ్మల్ని వదలదు.

నాలుగోది, ఉన్న మార్కెట్ వాడుకోండి. 1999లో మొదలైన రైతుబజార్లలో ఒకటి ఫలక్‌నుమాలో ఉంది. దళారీ లేకుండా పాతబస్తీ ఇళ్లకు చేరే దారి అది. రైతు గుర్తింపు కార్డు తీసుకుని, గోంగూర, చుక్కకూర, మెంతికూర, సొరకాయ, వంకాయ లాంటివి తీసుకుపోతే ఆ వంటిళ్లకు సరిగ్గా సరిపోతాయి.

ఐదోది, రంజాన్ లెక్క పెట్టుకోండి. రంజాన్ నెల ఏటా 10, 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో ఫిబ్రవరి మూడో వారంలో మొదలైంది. పుచ్చకాయ పంటకాలం 75 నుంచి 90 రోజులు. ఉపవాసం విడిచేటప్పుడు పండ్లు, కీరా, నిమ్మ, పుదీనాకు గిరాకీ ఎక్కువ. నూనెలో వేయించినవాటి పక్కన మన పండు చవకగా కనబడితే చేయి దానివైపు కూడా పోతుంది.

ఆరోది, అబద్ధం చెప్పి అమ్మొద్దు. తిండి సరుకు రోగం నయం చేస్తుందని తప్పుదారి పట్టించే ప్రకటన ఇస్తే, 2006 ఆహార భద్రతా చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా పడొచ్చు. "మందులు కొట్టకుండా పండించాం, పొట్టుతో సహా పట్టించాం" అని చెప్పండి, చాలు. అది నిజం, చూపించగలం.

సర్కారును ఏం అడగాలి?

మనం అడిగేది పెద్ద కోరిక కాదు. రేషన్‌లో మనిషికి వచ్చే 6 కిలోల్లో ఒక కిలో, కావాలనుకున్నవాళ్లకు, జొన్నగా మార్చుకునే వీలు ఇవ్వాలి. ఎవరి బియ్యమూ బలవంతంగా తీయొద్దు. దానికి తోడు కార్డుకు కిలో రెండు కిలోల పప్పయినా పెట్టాలి.

జీహెచ్ఎంసీ 5 రూపాయల భోజనం 2014 నుంచి ఉంది. 2025లో ఇందిరా క్యాంటీన్లలో 5 రూపాయలకు టిఫిన్ కూడా మొదలైంది, మెనూలో మిల్లెట్ ఇడ్లీ, మిల్లెట్ ఉప్మా ఉన్నాయి. మంచి మాట. ఆ మిల్లెట్లు ఎక్కడివి? వికారాబాద్, సంగారెడ్డి రైతు సంఘాల నుంచి నేరుగా కొంటే ఒక్క రూపాయితో రెండు పనులవుతాయి. దవాఖానల్లో రోగులకు పెట్టే భోజనం, హాస్టళ్లు, అంగన్‌వాడీలు కూడా ఇట్లాగే.

జొన్న, కందికి ఊళ్లో కాంటా పెట్టాలి. చిరుధాన్యాల పరిశోధన సంస్థ పాతబస్తీకి పక్కనే, రాజేంద్రనగర్‌లో ఉంది. పోషకాహార సంస్థ తార్నాకలో ఉంది. ఇంత దగ్గరగా ఈ రెండూ ఉన్న నగరంలో ఒక్క బస్తీలోనైనా దవాఖాన, రేషన్ షాపు, రైతు సంఘాన్ని కలిపి ఏడాది నడిపి చూడొచ్చు కదా? తిండి మారిందో లేదో, నడుం కొలత తగ్గిందో లేదో బస్తీ దవాఖాన రిజిస్టరే చెప్తుంది.

మన ఇంటి కంచం

చివరిగా మన సంగతి. షుగర్, బీపీ పట్నం రోగాలని ఇప్పుడు ఎవరూ అనలేరు. ట్రాక్టర్ వచ్చింది, బండి వచ్చింది, చేను దాకా నడిచే రైతు తగ్గాడు. చేనులో పండిన అనుములు, గోంగూర అమ్మేసి, ఇంట్లో రేషన్ బియ్యం, ఆవకాయతో మూడు పూటలు గడిపే రైతు ఇళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆ అలవాటు మారితే, అమ్మేటప్పుడు మన మాటకూ బలం వస్తుంది.

ఈ యాసంగికి ఎకరంలో పది గుంటలైనా ఇంటికోసం జొన్న, కంది, ఆకుకూరలు కలిపి వేసుకోండి. 30 ఏళ్లు దాటిన ఇంట్లోవాళ్లందరికీ ఉపకేంద్రంలో ఒకసారి బీపీ, షుగర్ చూపించండి. మిగిలిన పంటకు పట్నం గిరాకీ ఉంది, ఆ దారి మనమే వేసుకోవాలి. వచ్చే గ్రామసభలో "జొన్నకు కాంటా ఎప్పుడు?" అని ఒక్కరు కాదు, పది మంది లేచి అడగండి.